రాహేలు వేసిన తాళం

మా వాళ్ల పదకొండు ఇళ్లలోని పొయ్యిలన్నీ ఒకే ఫైలు చదివి అమ్మ చేపల పులుసు వండుతాయి. ఆ ఫైలును దిద్దదలచినవారు ముందుగా దానికి తాళం వేసుకోవాలి, పని ముగియగానే తీయాలి. ఇద్దరు ఒకేసారి దిద్దితే రెండు రాతలూ కలగలిసి పాడవుతాయి.

మూడు రోజులుగా నా పొయ్యి తెర మీద ఒకటే మాట: “రాహేలు దిద్దుతున్నారు. ఆగండి.” రాహేలు నా చెల్లెలు, అమ్మకు ముద్దుల కూతురు. అమ్మ గరిటె దానికే దక్కింది. ఇక అమ్మ రుచి కూడా దాని పేరనే నిలవాలా? ఎవరి వంతు వారిదేనని కాన్వెంటులో సిస్టర్లు మాకిద్దరికీ నేర్పారు. దాని వంతు ఎప్పుడో తీరిపోయింది.

పెద్దదాన్నన్న హక్కుతో తాళం పగలగొట్టమన్నాను.

“ఆవిడ రాసింది పోవచ్చు,” అని పొయ్యి హెచ్చరించింది.

“పోనీ.”

క్షణంలో చెల్లెలు ఫోను చేసింది.

“ఎంత పని చేశావక్కా! రాసిందంతా పోయింది.”

“మూడు రోజులు పట్టుకు కూర్చోవడానికి అది నీ ఒక్కదాని సొత్తటే?”

“నేను రాస్తున్నది నీ పులుసేనక్కా. చివరి రోజుల్లో అమ్మ నీ చేతి పులుసే అడిగేది కదా! ఆ రుచి కుదరక రోజూ వండి చూసుకుంటున్నాను.”

ఫైలు తెరిచాను. అమ్మ పులుసు కింద చెల్లెలు రాసినదాంట్లో సగం వాక్యమే మిగిలింది: “పులుసు మరిగాక, మా అక్క చేసినట్టు...”

తాళం నేను వేసుకున్నాను. వారం రోజులుగా పదకొండు ఇళ్లలోనూ అదే మాట: “సలోమి దిద్దుతున్నారు. ఆగండి.” న్యాయంగా ఆ వాక్యాన్ని ముగించవలసింది రాహేలే. కానీ తాళం తీస్తే నా పులుసు కూడా దాని రాతలోనే మిగులుతుంది. ఇంకా తీయలేదు.