ముప్పై ఒకటో ఇంటర్వ్యూ

నవంబరు పదకొండు, సోమవారం. ఆ తారీఖు భానుప్రసాద్‌కు బాగా గుర్తు. కరీంనగర్‌లో తన ఇంట్లో వేడి సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను మోగింది.

"సార్, నేను ఆదిలాబాద్ నుంచి అనసూర్యను. జిన్నింగ్ మిల్లు రాజం సేట్ బిడ్డను. మీ పుస్తకంల మా బాపు మాటలు చదివిన."

తుంచిన ముక్క పళ్లెంలోకే జారింది.

"బాపు మీతోని అన్నట్టే మిల్లుల దుమ్ము గుంజే మిషన్ పెట్టించిన. గురువారం స్టార్ట్ చేస్తున్నం. బాపు పోయి యాడాదాయె. ఆయనేమన్నడో మీ నోటెంట మా ఆడోళ్లు వినాలె. మీరు రావాలె సార్."

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాడు. రాజం సేట్‌ను అతను ఎన్నడూ చూడలేదు.

'ఆధునిక సంస్థల్లో యాజమాన్య నిర్ణయాలు, సుస్థిరత, పెట్టుబడి' అన్నది అతని పరిశోధన. తర్వాత అదే పుస్తకంగా అచ్చయింది. దానికోసం, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లుల యజమానులను నలభై మందిని కలవాలి. ఇరవై రెండు మందిని కలిశాడు. ఒక్కరూ దుమ్ము మాట ఎత్తనివ్వలేదు. "దుమ్ము లేని జిన్నింగ్ కావాల్నా సారూ? ఇగ పొగ లేని ఇటుకబట్టీ కూడ అడుగుండ్రి" అని నవ్వి పంపారు. సుస్థిరత అధ్యాయం మరీ పలచగా ఉందని గైడు విసుక్కున్నాడు. దాంతో మిగతా పద్దెనిమిది మంది జవాబులు ఇంట్లో కూర్చుని తనే రాసుకున్నాడు. రాజం సేట్‌ది ముప్పై ఒకటోది. డాక్టరేటు వచ్చింది, దాని వెనకాలే కాలేజీలో ప్రమోషనూ వచ్చింది. సంగతి బయటపడితే రెండూ పోతాయి.

గురువారం బస్సులో దారి పొడవునా ఒక్కటే అనుకున్నాడు. ఆమె ఒంటరిగా దొరకగానే నిజం చెప్పేయాలి.

ఒంటరిగా దొరకలేదు. గేటు దాటగానే పోశవ్వ ఎదురొచ్చింది. ఆ మిల్లులో అందరికంటే పాత కూలీ. కొంగుతో కుర్చీ దులిపి వేసింది.

"కూసో సారూ. మొఖం గట్ల గుంజుకపోయింది, తొవ్వల ఏమన్న తిన్నవా లేదా?"

"ఆకలైతలేదు అవ్వా."

"ఎందుకు కాదు? మాట్లాడేటోని కడుపు ఖాళీగ ఉంటదా?" రెండు అరటిపళ్లు చేతిలో పెట్టి, తినేదాకా కదల్లేదు.

పత్తి కుప్పల పక్కన ముప్పై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. మెడల్లో తువ్వాళ్లు, కనుబొమల మీద తెల్లటి నూగు. ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. కొత్త మిషన్‌కు బంతిపూల దండ వేసి ఉంది.

"చెప్పండ్రి సార్. బాపు ఏమన్నడు?" అంది అనసూర్య.

లేచి నిలబడ్డాడు. 'నేనాయన్ను చూడలేదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ముందు వరసలో ఒకామె, దగ్గు అతని మాటకు అడ్డమొస్తుందేమోనని, నోటికి తువ్వాలు అదిమి పట్టుకుంది.

"మూడేండ్ల కింద సేటు నాతోని అన్నడు..." అతని గొంతు అతనికే పరాయిగా వినిపించింది. "'లాభం రెండేండ్లు తక్కువైతే కానియ్యి. నా పత్తి ఎత్తే ఆడోళ్ల ఊపిరి నా మిల్లుల ఆగొద్దు' అన్నడు."

అబద్ధం ఎక్కడా తడబడకుండా వచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ముందుగా పోశవ్వ చప్పట్లు కొట్టింది. "మా సేటే! గట్లనే అంటడు," అంది పక్కామెతో. తర్వాత అందరూ కొట్టారు.

మిషన్ తిప్పారు. పావుగంటలో గాలి తేటపడింది. ఆ కొసనున్న ఆడవాళ్ల ముఖాలు ఈ కొసనున్న వాళ్లకు కనబడ్డాయి. "ఓ లస్మవ్వా, నీకు గింత అందముందా, ఇన్నొద్దులు ఏడ దాసినవే!" అని ఒకామె అరిచింది. మిల్లంతా నవ్వింది. భానుప్రసాద్ తల దించుకున్నాడు.

పొద్దుగూకి అందరూ వెళ్లిపోయాక, ఆఫీసు గదిలో అనసూర్య ముందు కూర్చోకుండానే చెప్పేశాడు.

"అమ్మా, నేను మీ బాపును కలవలే. ఆ మాటలు నేనే అల్లి రాసిన. రేపు యూనివర్సిటీకి ఆ సంగతే రాసిస్త. పోయేది పోనీ."

అనసూర్య గ్లాసులో నీళ్లు పోసి అతని ముందుకు జరిపింది.

"ఎరుకే సార్. మీరు రాసిన తారీఖుకు రెండేండ్ల ముందే బాపుకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది."

భానుప్రసాద్ తలెత్తి ఆమెను చూశాడు.

"మరి... ఎందుకు పిలిచిండ్రు?"

"మొదలు మస్తు కోపమొచ్చింది. కేసు పెడ్దామనుకున్న. రెండోసారి చదివినంక మనసు ఆగలే. అసొంటి మాట బాపు పేరు మీద అచ్చయి ఉన్నది. దాన్ని అబద్ధం కానియ్యబుద్ధి కాలే. యూనివర్సిటీకి రాసుడు, రాయకపోవుడు మీ ఇష్టం."

నీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టేశాడు.

"ఒక్కటి అడుగుత. ఆ ఆడోళ్లకు మాత్రం చెప్పకండమ్మా. నమ్మి చప్పట్లు కొట్టిండ్రు. తెలిస్తే వాళ్ల ముందట నేను నిలబడలేను."

అనసూర్య లైటు ఆర్పి, అతన్ని ముందు నడవమని దారి ఇచ్చింది.

"వాళ్లకు తెల్వకపోవుడేంది సార్? మాట పడిపోయినంక గూడ బాపు రోజు మిల్లుకే వస్తుండె. నాలుగేండ్లు ఆయనకు అన్నం కలిపి తినిపించింది పోశవ్వనే" అంటూ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.