దుంపతో సహా

పక్కింటి తోటలో ఉన్న ఇరవై ఒక్క మొక్కలూ ఆదివారంలోగా తన తొట్లలోకి చేరాలని గార్డెన్ క్లబ్ ప్రెసిడెంటుగారు నిశ్చయించుకున్నారు. రోజుకు మూడు చొప్పున వారం పని.

క్లబ్ పోటీలో ఆరేళ్లుగా మొదటి బహుమతి ఆవిడదే. ఈసారి పక్కింట్లోకి రిటైరైన బోటనీ లెక్చరరమ్మ దిగింది. మోకాళ్లు అరిగిపోయి, తోటను వరండా కుర్చీలోంచి చూడడమే తప్ప అడుగు దిగదు. అయినా ఆవిడ గులాబీల మధ్య ఏవో వింత మొక్కలు. ఒక్కోదాని పక్కన ఐస్‌క్రీం పుల్ల, దానిమీద ముత్యాల్లాంటి అక్షరాలు: 'సైపరస్ రోటండస్', 'యూఫోర్బియా హిర్టా'.

చూడ్డానికి ఉత్త గడ్డిలా ఉన్నాయి. అసలైన గొప్పవాళ్లు సాదాసీదాగానే ఉంటారు కదా అని ప్రెసిడెంటుగారు సరిపెట్టుకున్నారు.

"ఇవి ఇంకోచోటికి మార్చాలంటే కష్టమా వదినా?" అని గోడ మీంచి కూపీ లాగారు.

"దుంపతో సహా లాగాలి వదినా. వేరు తెగిందా, పడ్డ శ్రమంతా వృథా!"

మర్నాటి నుంచి పొద్దున్నే 'వాకింగ్' మొదలైంది. ప్రెసిడెంటుగారి చేతిలో చిన్న గునపం. గేటు దగ్గర భర్త కాపలా. ఎవరైనా వస్తే ఆయన దగ్గాలి. ఆయనకు జలుబు చేసిన రోజు ఆవిడ నాలుగుసార్లు గోడ దూకారు.

"పోయిపోయి గడ్డి దొంగతనమేమిటే, పరువు తక్కువ!"

"మీకు లాటిన్ వచ్చా? మాట్లాడకుండా దగ్గండి."

"ఇవాళా మూడు పోయాయి వదినా!" అని లెక్చరరమ్మ రోజూ చెప్పేది. "ఏ మహాతల్లో గానీ పీచు వేరైనా మిగల్చలేదు."

"అయ్యో, పాడుకాలం!" అని ప్రెసిడెంటుగారు గోళ్లలో మట్టి కనబడకుండా చేతులు కొంగులో దాచుకునేవారు.

ఆదివారం న్యాయనిర్ణేతలు ముగ్గురూ వచ్చారు. పింగాణీ తొట్లు, ఇత్తడి రేకుల మీద చెక్కించిన పేర్లు చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందులో ఒకాయన దగ్గాడు. అలవాటుకొద్దీ ప్రెసిడెంటుగారు గోడ వైపు పరుగెత్తబోయి ఆగారు.

మొదటి బహుమతి లెక్చరరమ్మకు వచ్చింది.

"గులాబీలు తప్ప ఇంకేమీ లేని తోటకా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

లెక్చరరమ్మ కప్పు ఒళ్లో పెట్టుకుని ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"ఇందులో సగం మీదే వదినా, ఈ మోకాళ్లతో వంగి కలుపు తీయలేకే పాలబ్బాయి చేత ఆ పుల్లలు గుచ్చించాను. రేపు పెరట్లో కూడా గుచ్చిస్తాను, అన్నయ్యగారిని అప్పుడే దగ్గుమందు తాగొద్దనండి!"