తాడుకు అవతలి కొస

చలికాలపు గాలికి తెరచాప నిండుగా పొంగి, పడవ నల్లేరు మీద బండిలా సాగిపోతోంది. నెత్తిన ఇన్ని చుక్కలు ఈ కాలంలోనే కనిపిస్తాయి. అందుకే వేళ్లు కొంకర్లు పోతున్నా బావమరిది చుక్కాని వదల్లేదు.

ముందు కొసన బావ కాపలా. నీటి మీది మంచులో అక్కడ మనిషి కనిపించడు గనక, ఇద్దరి మణికట్లకూ ఒకే తాడు. ఒకసారి లాగితే "మెలకువగా ఉన్నావా?" అని. రెండుసార్లు లాగితే "ఉన్నాను" అని. గంట నుంచీ ఇతను అడిగినప్పుడల్లా జవాబు ఠంచనుగా వస్తోంది.

కింది గది తలుపు కిర్రుమంది. దుప్పటి కప్పుకుని, రెండు టీ గ్లాసులతో బావ పైకి వచ్చాడు.

"తిట్టకురా బాబూ. చలికి తట్టుకోలేక గంట క్రితమే వెళ్లి పడుకున్నా. మీ అక్కకు మాత్రం చెప్పకు."

"మరి తాడు?"

"విప్పి అక్కడే వదిలేశా. నీళ్లలో పడినట్టుంది."

బావమరిది తన మణికట్టు వైపు చూసుకున్నాడు. గాలి పడిపోయింది. తెరచాప చప్పుడు కూడా ఆగింది.

మణికట్టు దగ్గర తాడు బిగిసింది. ఇంతసేపూ బదులిచ్చిన అవతలి కొస, మొదటిసారి తనే అడిగింది. మెల్లగా, ఒక్కసారి.

అలవాటు కొద్దీ అతని చెయ్యి రెండుసార్లు లాగేసింది.