పాప ఉన్న వరుస

చిల్కానగర్ ఫంక్షన్ హాల్లో రెండు వరుసలు కట్టారు.

బతుకమ్మ పండక్కి వారం ముందు ఏటా జరిగేదే. నాచారంలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ నడిపే రాఘవేంద్ర, అతని భార్య విజయశ్రీ వంద మంది పేద తల్లులకు తలో సంచి ఇస్తారు. చీర, చక్కెర, నూనె ప్యాకెట్, శనగపప్పు.

మొదటి వరుసలో రాఘవేంద్ర ఇస్తున్నాడు. చకచకా కదులుతోంది. రెండో దాంట్లో వాళ్ల ఆరేళ్ల కూతురు హరిచందన ఇస్తోంది. పాప ఒక్కో సంచినీ రెండు చేతులతో ఎత్తాలి, ఇవ్వాలి, కాసేపు చేతులు దులుపుకోవాలి. ఆ వరుస కదలడమే లేదు.

శాంతాబాయి మొదటి వరుసలోంచి బయటికొచ్చి, రెండో వరుస చివర నిలబడింది.

"పిచ్చిదానివా ఏంది?" అంది ముందున్న ముత్తమ్మ. "గక్కడ నాలుగో దానివి ఉంటివి."

"పర్వాలేదక్కా."

"ఏడికెల్లి వచ్చినవ్?"

"అన్నోజిగూడ. టిఫిన్ సెంటర్ల గిన్నెలు తోముత. ఆయన లేడు. ఇద్దరు కొడుకులు."

గంట తర్వాత ఆమె వంతు వచ్చింది. పాప సంచి ఎత్తింది. శాంతాబాయి వెంటనే అందుకోలేదు.

"ఏ క్లాసు బిడ్డా?"

"ఫస్ట్ క్లాస్."

"పన్ను ఊడిందా?"

పాప పెదవి పైకెత్తి చిగురు చూపించింది. "నిన్ననే. రక్తం వచ్చింది కానీ నేను ఏడవలేదు. ఆంటీ, పట్టుకోండి, బరువు!"

వెనకవాళ్లు కేకలేశారు. సంచులు పంచడానికి వచ్చిన పృథ్వీ ఆమె వేలికి నీలం సిరా చుక్క పెట్టి పక్కకు పంపాడు.

పావుగంటలో ఆమె మళ్లీ అదే వరుసలో ఉంది. సిరాను గోడకేసి రుద్దినట్టుంది, వేలి చర్మం లేచింది. రంగు మాత్రం పోలేదు. పృథ్వీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇందాకనే తీస్కున్నవ్ గదా! సిగ్గనిపిస్తలేదా? ఎనక ఇంకా ముప్పై మంది ఉన్నరు."

"పోయినేడు గూడ గిట్లనే జేసింది," అందొకామె. "నాకు యాదికున్నది."

శాంతాబాయి తల దించుకుంది. వరుసలోంచి మాత్రం కదల్లేదు. పృథ్వీ భుజం పట్టి లాగాడు. ఆమె చేతిలోని మొదటి సంచి జారింది. చక్కెర ప్యాకెట్ పగిలి నేలంతా చిందింది.

"అమ్మా, ఆవిడ ఏడుస్తోంది!" పాప అరిచింది.

విజయశ్రీ గబగబా వచ్చింది. ముందు పాపను అటు తిప్పి, "నువ్వు నాన్న దగ్గరికెళ్లమ్మా" అని పంపేసింది. తర్వాత ఇంకో సంచి తీసి తనే శాంతాబాయి చేతికిచ్చింది.

"వదిలెయ్ పృథ్వీ." ఆమె గొంతు మెత్తగా ఉంది. "అంత దూరం నుంచి ఈ తిప్పలెందుకు శాంతా? వచ్చే ఏడాది నుంచి రాకు. రెండు సంచులూ ఇంటికే పంపిస్తాను."

"వద్దమ్మా. సంచి ఇయ్యకున్నా మంచిదే. నేనే వస్త. ఎనక నిలబడ్త."

"రావద్దని చెప్పాను కదా." విజయశ్రీ నవ్వుతూనే ఉంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముచ్చటపడ్డారు. ఎంత మంచి మనసో అనుకున్నారు.

"ఇంటికి పంపిస్తమంటే వద్దంటవేంది?" ముత్తమ్మ మూతి తిప్పింది. "నసీబున్నదానివి!"

శాంతాబాయి రెండు సంచులూ మోసుకుంటూ ఉప్పల్ బస్టాప్ వైపు నడిచింది.

ఆరేళ్ల కిందట, భర్త పోయిన నెలకు, పాలు తాగుతున్న హరిచందనను రొమ్ము నుంచి విడిపించి విజయశ్రీ చేతుల్లో పెట్టింది ఆమే.