మంజీరలో కరుగుతుందా?

కుక్కర్ ఆవిరికి వంటింటి కిటికీ అద్దం మసకబారింది. దాని మీద వేలితో ‘రత్నాకర్’ అని రాసుకుని మురిసిపోతున్న దేవిక, తలుపు చప్పుడుకు గబుక్కున అరచేత్తో తుడిచేసింది.

గుమ్మంలో మేడ మీది ఇంటాయన వెంకట్రాములు. బయట ముసురు. ఆయన భుజాలు తడిశాయి కానీ, తువ్వాలులో చుట్టి గుండెకు అదుముకున్నది మాత్రం తడవలేదు.

“నువ్వు రాళ్ల సదువు సదివినవట గద బిడ్డా. జర గిది జూడు.”

దేవికకు ప్రాణం లేచొచ్చింది. పెళ్లయి మెదక్ వచ్చాక, భర్త రత్నాకర్ పొద్దున్నే పనికని తూప్రాన్ బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. అంతవరకూ ఆమెకు గోడలే తోడు. తన చదువు గురించి ఈ ఊళ్లో ఒకరు అడగడం ఇదే మొదలు.

ఆయన తువ్వాలు విప్పాడు. మూరెడుకు కాస్త తక్కువగా ఒక లోహపు కడ్డీ. అక్కడక్కడా నీలం, బంగారు రంగు.

ఆమె నవ్వు ఆగిపోయింది. నిరుడు ఆయన భార్య శివమ్మ జారిపడితే తొడ ఎముకలో వేసిన రాడ్ అది. మొన్న చితి చల్లారాక ఎముకలతో పాటు దొరికింది.

“టైటానియమట. రేపు అన్నీ ఏడుపాయలకాడ మంజీర నదిల కలుపుడు. మా బామ్మర్ది బిక్షపతి ఏమంటుండంటే, గిది గూడ నీళ్లల్ల కరిగిపోవాల్నట. లేకుంటే శివమ్మ పోదట. గీ ఇంట్లనే తిరుగుతదట.” కడ్డీ మీద అరచెయ్యి పెట్టాడు. “కరుగుతదా బిడ్డా?”

భూగర్భ శాస్త్రంలో దేవిక పరిశోధన సరిగ్గా దాని మీదే. టైటానియం కాలితే పైన పట్టే పొర, ఆమె ఏళ్ల తరబడి చదివిన రూటైల్ అనే ఖనిజం ఒకటే.

“మామూలు నీళ్లకు లొంగదు తాతా.” కుక్కర్ చూపించింది. “గీ కుక్కర్ లెక్కనే, కానీ దీనికి వేల రెట్ల ఒత్తిడి ఉండాలె. భూమి లోపల మస్తు లోతుకు పోతే మీద కొండలంత బరువు, నిప్పులసొంటి వేడి. గక్కడి నీళ్లల్ల ఉప్పో, ఫ్లోరినో కలిస్తే గప్పుడు జరంత కరుగుతది. పైకొచ్చి సల్లబడంగనే మల్ల సూదుల్లెక్క గట్టిపడ్తది.”

“గంత లోతులనా? మంజీరల కాదా?”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

దేవికకు మనసు పిండినట్లయింది. పై ఇంట్లో ఎవరూ చూడని టీవీ రోజంతా మోగుతూనే ఉంటుంది. ఈ మనిషికి నిజం చెప్పి తను ఏం బావుకుంటుంది?

“మంజీరల గూడ ఉప్పుంటది గద,” అనేసింది. “నిమ్మలంగ కరుగుతది. మీరు రంది పడకుండ్రి.”

ఆయన కడ్డీని దగ్గరకు తీసుకున్నాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్ల గ్లాసును దూరంగా జరిపాడు.

“చేతి చెమటల గూడ ఉప్పుంటది. దానికి గూడ కరుగుతదా?”

పాపం, కరిగిపోవాలని ఎంత తొందరో. “దానికి గూడ,” అంది దేవిక.

ఆయన మళ్లీ తువ్వాలు చుట్టుకుని, తడిసిన మెట్లెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం రత్నాకర్‌కు అంతా చెప్పింది. “అబద్ధమైనా మంచి పనే జేసినవ్,” అన్నాడతను. ఆ మాటతో ఆమె హాయిగా నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం జీపు వచ్చి వెంకట్రాములును దింపింది. బిక్షపతి వాళ్లు అటు నుంచి అటే టేక్మాల్ వెళ్లిపోయారు. దేవిక గిన్నెలో పప్పన్నం కలిపి పైకి తీసుకెళ్లింది. టీవీ మోగడం లేదు. ఆయన వంటింట్లో, బియ్యం డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు.

“అన్నీ కలిపిండ్రా తాతా?”

“చెమట సంగతి చెప్పి మంచిగ జేసినవ్ బిడ్డా, బియ్యంల తడి పట్టదు,” అంటూ ఆయన డబ్బాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగున తువ్వాలు చుట్టి దాచిన రాడ్‌ను ఒకసారి తడిమి చూసుకుని నవ్వాడు, “ఇగ మీ అవ్వ గీ ఇల్లిడిసి ఏడికి పోదు.”