గుమ్మం దగ్గరి మనిషి

ఆమెను చూడగానే తాత చేతిలోని పాలగ్లాసు జారి పడింది.

ఆమె గ్లాసు తీయలేదు. ఆయన్ని పలకరించలేదు. కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

అప్పటి నుంచి రోజూ అంతే. బడి వదిలే వేళకు వృద్ధాశ్రమానికి వస్తుంది. పొద్దు వాలేదాకా ఆ కుర్చీ దిగదు. తాత దుప్పటి ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంటాడు.

అంతకుముందు ఆ గదిలో నవ్వులే నవ్వులు. ఎండు కట్టెనైనా నవ్విస్తాడీయన అనేవారు ఆయాలు. నర్సు చిన్న కూతురు బడి నుంచి నేరుగా అక్కడికే పరిగెత్తేది.

ఇప్పుడు పాప గుమ్మం దాకా వస్తే చాలు, ఆమె చెయ్యి అడ్డంగా లేస్తుంది.

"పో. మీ అమ్మ కంటికి కనపడే చోట ఆడుకో."

"అమ్మా, ఆవిడ దెయ్యమా?" అంది పాప.

నర్సుకు ఒళ్ళు మండింది.

"ఎవరండీ మీరు? ఆయనకేమవుతారు?"

"కూతుర్ని."

నర్సు వెళ్ళి తాతను అడిగింది. దుప్పటి కింద ఆయన వణికాడు.

"నాకున్నది ఒక్కతే కూతురు తల్లీ. చిన్నప్పుడే నూతిలో పడి పోయింది."

నర్సు వెంటనే వాచ్‌మన్‌ను పిలిచింది.

"రేపటి నుంచి ఈవిణ్ణి గేటు దాటనివ్వకు."

ఆమె గొడవ పడలేదు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంది.

"పాపను ఈ గదికి పంపకండి."

"నా బిడ్డ సంగతి మీకెందుకు?" అంది నర్సు.

మర్నాడు తాత లేచి కూర్చున్నాడు. తల దువ్వుకున్నాడు. "బంగారూ! కథ చెప్తా, రావే" అని పిలిచాడు.

కొన్నాళ్ళకు పాప ఆ వరండాలో కాలు పెట్టనంది. అన్నం ముందు పెడితే ముద్ద మింగదు. దీపం ఆర్పితే కెవ్వుమంటుంది.

"ఏమైందే తల్లీ?"

ఎంతో బతిమాలితే గాని నోరు విప్పలేదు.

"తాత లోపల గడియ పెడతాడు. నీకు చెబితే నూతిలో అక్క వచ్చి నన్ను లాక్కుపోతుందట."

నర్సు వెళ్ళి ఆ గదికి బయటి నుంచి తాళం వేసింది. పాపను చంకనేసుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది.

"ఆవిడ ఎక్కడ?"

"మొన్నటిదాకా ఎదురుగా ఆ గోడ పక్కన నిలబడేదమ్మా. లోపలికి పంపమని బతిమాలేది. నేనే తరిమేశాను."

"ఎవరో చెప్పిందా?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"చెప్పింది. పిచ్చిదనుకున్నాను."

"ఏమని చెప్పింది?"

"'మా అక్క నూతిలో పడలేదు, దూకింది. నాన్న మా గదిలోకి వచ్చిన ప్రతిసారీ, పక్క మంచం మీద నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్న చెల్లెల్ని నేను' అంది."