పదకొండో సీసా

"ఫ్లోరైడ్ సున్నా పాయింట్ నాలుగు!" ప్రొఫెసర్ శ్రీపాదరావు కాగితాన్ని బల్లమీద విసిరాడు. "పధ్నాలుగు ఊళ్లలో పిల్లల పళ్లు అన్నిటికంటే పాడైన ఊరు మల్లనకొట్టాల. నీళ్లలో ఫ్లోరైడ్ అన్నిటికంటే తక్కువున్న ఊరూ అదే! దీన్ని పట్టుకుని మద్రాసు సభలో ఏం చదువుతావమ్మా?"

డాక్టర్ గోదావరి కాగితం అందుకుని మళ్లీ చదివింది. ఆదోని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ఏడొందల మంది పిల్లల నోళ్లు తెరిపించి చూసిన మనిషి ఆమె. పళ్లమీది గోధుమరంగు గారకు బోరింగు నీళ్లే కారణమని ఆమె వాదన. అది నిలబడితేనే మల్లనకొట్టాలకు వేరే నీళ్లు వస్తాయి.

"మల్లనకొట్టాల నీళ్ల సీసా, ఆ పదకొండోది, ఎవరో మార్చినారు సార్" అంది.

"మారిస్తే నేనే మార్చుండాల" సీనియర్ డాక్టర్ వెంకోబారావు తాపీగా నవ్వాడు. "పోయిన నెల ఎండలో జీపేసుకుని పోయి ఆ నీళ్లు తెచ్చింది నేను. మూత మీద లక్క నాది. చీటీ మీద సంతకం నాది. లక్క పగల్లేదని మీరే చూసినారు కదా సార్?"

ప్రొఫెసర్ చూశానన్నట్టు తలూపాడు.

వెంకోబారావుకు కడుపులో చల్లగా ఉంది. పదమూడేళ్లుగా ఈ ఆసుపత్రిలో పళ్లు పీకుతున్నాడు. మొన్న వచ్చిన ఈ పిల్ల పేరు మాత్రం వ్యాసం మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉంది. తన పేరు చివరి పేజీలో, కృతజ్ఞతల్లో ఉంది. అదీ డ్రైవర్ జయన్న పేరు కింద!

"అనుమానం ఉంచుకోవద్దు సార్" అన్నాడు. "మల్లనకొట్టాల ఎంత దూరం? సీసా నింపిన ఆమెనే అడుగుదాం పదండి. పధ్నాలుగు సీసాల కథా తేలిపోతుంది."

జీపు ఆస్పరి రోడ్డు పట్టింది. వెంకోబారావు దారి పొడుగునా నోరు మూయలేదు.

"రిసర్చి అంటే ఊళ్లు తిరగడం కాదమ్మా. అనుభవం ఉండాల."

"అనుభవమంటే మీదే సార్" అన్నాడు జయన్న స్టీరింగు తిప్పుతూ. "మా మామకు కుడిపక్క పన్ను నొస్తాంటే ఎడంపక్కది పీకితిరి."

"నువ్వు రోడ్డు చూసి తోలప్పా!"

సీసా నింపిన హుసేనమ్మ బోరింగు దగ్గరే ఉంది. జీపు చూడగానే బిందె దించి, ఇంట్లోకి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. వెంకోబారావును చూసి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

"నాకొద్దు, నాకొద్దు" అంటూ అతను భుజానికున్న ఫ్లాస్కు తట్టి చూపించాడు. గోదావరి చెంబు అందుకుని గడగడా తాగింది.

ప్రొఫెసర్ సంచిలోంచి సీసా తీశాడు. "ఇది నింపింది నువ్వేనామ్మా?"

"నేనేప్పా."

"ఈ బోరింగులోనేనా?"

హుసేనమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"చెప్పమ్మా" అంది గోదావరి. "నిన్నెవరూ ఏమీ అనరు."

"కాదుమ్మా. అవి వంకవతల దిగుడుబాయి నీళ్లు. తీపినీళ్లు. రెండు మైళ్లు పోయి తెస్తి."

గోదావరి పట్టరాని ఆశతో ప్రొఫెసర్ వైపు తిరిగింది. వెంకోబారావు ఒక్క నిమిషం తడబడ్డాడు. అంతలోనే అతని బుర్రలో ఇంకో దారి దొరికింది.

"చూసినారా సార్! ఒక ఊర్లో నీళ్లు మార్చినోళ్లు పధ్నాలుగు ఊళ్లలోనూ మార్చుంటారు. అన్నీ దొంగ లెక్కలే! ఈమెకు ఎవరో నేర్పించినారు." హుసేనమ్మ మీదికి ఒక అడుగు వేశాడు. "ఎవరు మార్చమన్యారు? పేరు చెప్పు!"

"ఎవురూ మార్చమన్లేదప్పా."

"మరి ఊరికే రెండు మైళ్లు నడిచినావా? ఎవరి కోసం? పేరు చెప్పు!"

"పెద్దోళ్లు. సెప్తే మర్యాదగాదు."

"ఎంత పెద్దోళ్లయితే ఏం? ప్రొఫెసర్ గారికి వినపడేట్టు గట్టిగా చెప్పు!"

హుసేనమ్మ అతన్ని కాదు, ప్రొఫెసర్‌ను చూసి చెప్పింది.

"పోయిన నెల ఒక సారు వచ్చినాడు సామీ. సీసా ఇచ్చి నింపమన్యాడు. యెందుకో సెప్పలేదు. నేను బోరింగు కొట్టి ముందు చెంబుతో ఇస్తి. ఒక గుక్క నోట్లో పోసుకొని మొగం సిట్లించినాడు. 'ఈ ఉప్పునీళ్లలో ఏముందని ఆ గోదావరికి అంత పేరు?' అని నా కాళ్ల ముందరే తుపుక్కున ఉమ్మేసినాడు."

వెంకోబారావు జీపు వైపు రెండడుగులు వేశాడు.

"నా తల కొట్టేసినట్లాయె సామీ. సీసా దావలో తాగేదానికే అనుకుంటి. మా ఊరికొచ్చిన మనిషికి ఉమ్మేసే నీళ్లు పోసి పంపుతామా? ఆయప్ప బడి అరుగు మీద పండుకొని లేచేలోపల, ఎండలో పోయి తీపినీళ్లు తెచ్చి నింపిపెడితి. లేచి మూతకు లక్క పూసి, చీటీ మీద తన పేరు పైకంటా రాసుకొని పోయినాడు."

"ఎవరమ్మా ఆ సారు?" ప్రొఫెసర్ గొంతు మెల్లగా వచ్చింది.

"ఇంకెవురు సామీ? ఇంతసేపూ పేరు సెప్పు, పేరు సెప్పు అని నా మీద పడ్తాండాడే, ఈ వెంకోబారావు సారే!"